మన ఫైలు తాళంచెవి ఎవరి దగ్గర? - యాభై ఏళ్ళ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కథ

ఈ స్వర్ణోత్సవ సంచిక పని మొదలైనప్పుడు సంపాదకవర్గం నాకొక చిన్న బాధ్యత అప్పగించింది. 2001లో మనం వేసిన రజతోత్సవ సంచిక నుంచి కొన్ని వ్యాసాలు మళ్ళీ అచ్చు వేద్దామని, దాని సీడీ తెచ్చి ఇచ్చారు. సీడీ చెడిపోలేదు. ఫైళ్ళన్నీ ఉన్నాయి. తెరిచి చూస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, ప్రశ్నార్థకాలు కలగాపులగంగా కనిపించాయి. అప్పటి డీటీపీ ప్రోగ్రాం, దాని సొంత ఫాంటు, ఆ ప్రోగ్రాం నడవడానికి కంప్యూటర్ వెనక తగిలించే డాంగిల్, ఈ మూడూ ఉంటేనే అవి తెలుగవుతాయి. ఇప్పుడు ఆ మూడూ లేవు. కీర్తిశేషులైన మన తెలుగు మాస్టారి వ్యాసాన్ని చివరికి బీరువాలో మిగిలిన అచ్చు ప్రతి చూసి మళ్ళీ టైపు చేయించాం.

రాసింది మన మాస్టారు. టైపు చేయించి డబ్బు కట్టింది మనం. తెరిచి చదివే వీలు మాత్రం మన చేతిలో లేకపోయింది. ఆ వీలు ఎవరి చేతిలో ఉండాలన్న వాదానికి దాదాపు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. చిత్రమేమిటంటే, అది మన పూర్వ విద్యార్థుల సంఘం వయసే.

మన సంఘం 1976లో పుట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరి 3న ఇరవయ్యేళ్ళ బిల్ గేట్స్ కంప్యూటర్ అభిమానులకు ఒక బహిరంగ లేఖ రాశారు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం తాము తయారుచేసిన బేసిక్ ప్రోగ్రాంను చాలామంది కొనకుండా నకళ్ళు తీసుకుంటున్నారనీ, కష్టానికి ప్రతిఫలం లేకపోతే మంచి ప్రోగ్రాములు ఎవరు రాస్తారనీ ఆ లేఖ సారాంశం. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అంతకుముందు ప్రోగ్రాం అంటే యంత్రంతో పాటు వచ్చేదే. 1969లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కు వేరుగా ధర పెడతామని ప్రకటించాక, అది విడిగా అమ్ముడయ్యే సరుకు కావడం మొదలైంది. సరుకయ్యాక దాని తయారీ విధానం రహస్యమైంది. ఆవకాయ జాడీ అమ్ముతారు గానీ కొలతలు చెప్పరు. ఉప్పు ఎక్కువైందని మనం సరిచేసుకోవడానికీ వీల్లేదు, పక్కింటివాళ్ళకు గిన్నెడు పెట్టడానికీ వీల్లేదు.

దీన్ని ఒప్పుకోనివారు రిచర్డ్ స్టాల్మన్. అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఆయన ప్రోగ్రామర్. అక్కడి కొత్త లేజర్ ప్రింటర్‌లో కాగితం తరచూ ఇరుక్కునేది. పాత ప్రింటర్‌కైతే, కాగితం ఇరుక్కోగానే వాడుకరులకు కబురు అందేలా ఆయనే ప్రోగ్రాం మార్చుకున్నారు. కొత్తదానికి అలా చేద్దామంటే దాని మూల రచన, అంటే సోర్స్ కోడ్, ఇవ్వడానికి అది ఉన్నవారు నిరాకరించారు. 1983 సెప్టెంబర్ 27న ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు, నకలు పంచవచ్చు, మార్చినదాన్నీ పంచవచ్చు. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఈ హక్కులకు చట్టపరమైన రూపమిచ్చింది. మార్చి పంచేవారు తర్వాతివారికీ అవే హక్కులు ఇచ్చి తీరాలన్నది దాని షరతు.

ఇంగ్లిషులో 'ఫ్రీ' అనే ఒక్క మాటే ఉచితానికీ స్వేచ్ఛకూ వాడతారు కాబట్టి అక్కడ గందరగోళం వచ్చింది. 1998 ఫిబ్రవరిలో క్రిస్టీన్ పీటర్సన్ 'ఓపెన్ సోర్స్' అనే పేరు సూచించడానికి అదీ ఒక కారణం. మనకా ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని తెలుగు ముందే విడదీసి పెట్టింది.

ఇక 1991. ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ఆగస్టు 25న తోటివారికి తెలియజేశారు. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చారు. గ్నూ పనిముట్లూ ఆయన రాసిన కెర్నెలూ కలిసి, మనం లినక్స్ అని పిలుచుకునే పూర్తి వ్యవస్థ అయింది. అదే 1991లో యూనికోడ్ తొలి కూర్పు వచ్చింది. అందులో తెలుగుకు తనదైన చోటు దొరికింది. ఈ రెండూ కలిసి మన బడిదాకా రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

మొదట్లో లినక్స్ అంటే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మల తెర ఉన్నా, ఒక్కో ప్రోగ్రాం ఒక్కో తీరుగా ఉండేది. జర్మన్ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ 1996 అక్టోబర్‌లో మామూలు మనిషి వాడుకోదగిన ఒకే తీరు డెస్క్‌టాప్ కావాలంటూ కేడీఈ మొదలుపెట్టారు. అది ఆధారపడిన క్యూటీ అనే సామగ్రికి అప్పట్లో పూర్తి స్వేచ్ఛా లైసెన్సు లేదు. ఆ అభ్యంతరంతో 1997 ఆగస్టులో మెక్సికో యువకులు మిగెల్ దె ఇకాజా, ఫెదెరికో మేనా గ్నోమ్ మొదలుపెట్టారు. 2000లో క్యూటీ కూడా జీపీఎల్ కిందికి వచ్చింది. పోటీ వల్ల రెండు డెస్క్‌టాప్‌లు మిగిలాయి, తగాదాకు కారణం పోయింది.

2011లో ఇంకో పరీక్ష ఎదురైంది. గ్నోమ్ మూడో కూర్పు తెర రూపాన్నే మార్చేసింది. అలవాటైన మెనూలు, పట్టీలు పోయాయని చాలామంది నొచ్చుకున్నారు. వేరేచోటైతే సణుక్కుంటూ అలవాటు చేసుకోవలసిందే. ఇక్కడ అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి పాత గ్నోమ్ సోర్స్ కోడ్ తీసుకుని మాటే అనే డెస్క్‌టాప్‌గా కొనసాగించారు. లినక్స్ మింట్ వాళ్ళు సినమన్ తయారుచేశారు. తక్కువ శక్తి గల యంత్రాలకు 1996 నుంచీ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉండనే ఉంది. నచ్చిన పాతదాన్ని నిలబెట్టుకునే హక్కు కాగితం మీది మాట కాదని ఆ ఏడాది రుజువైంది.

బడుల దగ్గరికి వద్దాం. స్పెయిన్‌లో వెనకబడిన ప్రాంతంగా పేరున్న ఎక్స్‌ట్రెమదూరా 2002లో డెబియన్ ఆధారంగా లినెక్స్ అనే సొంత పంపిణీ తయారుచేసుకుంది. ఇద్దరు విద్యార్థులకు ఒక కంప్యూటర్ అన్నది వారి లక్ష్యం. ప్రోగ్రాముల చిహ్నాలకు తమ ప్రాంతపు ప్రముఖుల పేర్లు పెట్టుకున్నారు. బొమ్మలు దిద్దే గింప్ అక్కడ 'జుర్బరాన్' అయింది, ఆయన వారి గడ్డ మీద పుట్టిన చిత్రకారుడు. మనమైతే దామెర్ల రామారావు పేరు పెట్టుకోవచ్చు. మన పొరుగున కేరళలో 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం బడులను క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మళ్ళించింది. ఇవాళ్టికీ అక్కడి బడుల కోసం ఉబుంటు ఆధారిత పంపిణీ తయారవుతోంది.

తెలుగు కూడా ఇలా చేతులు కలిపినవారి వల్లే తెర మీదికి వచ్చింది. ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా 'స్త్రీ' అన్న మాట సరిగా కనబడాలంటే ఫాంటూ, అక్షరాలు పేర్చే ప్రోగ్రామూ రెండూ కుదరాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ వారి లోహిత్, తర్వాత సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, రామభద్ర వంటివి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వలంటీర్లు డెస్క్‌టాప్ తెలుగీకరణకు శ్రమించారు.

ఇక మన బడి కంప్యూటర్ గది. పన్నెండు యంత్రాలూ పాతవి. వాటిలోని ఆపరేటింగ్ సిస్టంకు భద్రతా సవరణలు ఆగిపోయాయి, కొత్త కూర్పుకు ఈ యంత్రాలు సరిపోవని తేలింది. పాత సామాను కింద అమ్మేద్దామన్న మాట కూడా సంఘం సమావేశంలో వచ్చింది. ఒక్క వారం గడువు అడిగాను. యంత్రంలో ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి చూశాం. తర్వాత డెబియన్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకున్నాం. అక్కరలేని హంగులు తీసేశాం, మెనూలు తెలుగులోకి మార్చాం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాం, వెనక బొమ్మగా బడి ముందున్న వేపచెట్టు ఫొటో ఉంచాం. పదకొండు యంత్రాలు నడుస్తున్నాయి. పన్నెండోది విడిభాగాలకు పనికొచ్చింది.

అన్నీ సజావుగా జరిగాయని చెప్పను. స్కానర్ ఒకటి ఎంతకీ లొంగలేదు. పట్టీ కింద ఉండాలా పైన ఉండాలా అన్నదానిపై టీచర్లలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. కొన్ని మెనూలు ఇంకా ఇంగ్లిషులోనే ఉన్నాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "ఈ పట్టీ నేను మార్చుకోవచ్చా సార్?" అని అడిగింది. మార్చుకోమన్నాను. "పాడైతే?" అంది. మళ్ళీ మొదటిలా పెట్టడం ఎలాగో చూపించాను. ఆ రోజు నుంచి ఆ గదిలో పిల్లలు భయపడుతూ కూర్చోవడం లేదు.

మాస్టారి వ్యాసాన్ని తిరిగి టైపు చేసింది ఈ పిల్లలే. ఈ సంచికలో దాన్ని మీరు చదువుతారు. ఈసారి సంచిక మొత్తం యూనికోడ్‌లో కూర్చాం. లిబ్రె ఆఫీస్ వాడే ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో, ఫాంట్లతో సహా, మూడు ప్రతులు దాచాం. ఒకటి బడి గ్రంథాలయంలో, ఒకటి సంఘం కార్యాలయంలో, ఒకటి విదేశంలో ఉన్న మన మిత్రుడి దగ్గర ఉన్నాయి. పాత కంప్యూటర్లు ఇంట్లో మూలన పడి ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి: తూకానికి వేసేముందు ఒక్కసారి మన హెడ్మాస్టరు గారికి ఫోన్ చేయండి. డెబ్భై అయిదో ఏట సంచిక వేసేవాళ్ళకు ఏ డాంగిల్ కోసమూ వెతుక్కునే పని ఉండకూడదు.