వజ్రాల కన్నా ముందు ప్రణాళిక

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోకి, మా అనంతపురం వజ్రకరూరు చేలల్లోకి జనం పిల్లాపాపలతో వచ్చి వజ్రాలు వెతకడం మీకు తెలిసిన సంగతే. దొరికిన రాయి చాటుగా వ్యాపారి చేతికి పోతుంది. దొరికినవాడికి ఎంత ముట్టిందో, వ్యాపారికి ఎంత మిగిలిందో ఊరికి తెలియదు. వజ్రకరూరు నేల కింద ఉన్న, వజ్రాలుండే కింబర్లైట్ రాతి గొట్టాల్లాంటివే, విలువలో వాటికి అందనంత ఎత్తున ఉన్నవి, నేను స్థిరపడిన బోట్స్వానాలో ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన కొత్తలో అందరిలాగే నేనూ ఈ దేశం వజ్రాలతో బాగుపడిందనుకున్నాను. ఇక్కడి చరిత్ర చదివే కొద్దీ, పెద్దవాళ్లు చెప్పేది వినే కొద్దీ, వజ్రాలు దొరకకముందే వీళ్లు నేర్చుకున్న ఒక పద్ధతి కనబడింది. సాయం చేసేవాడితో ఎలా మాట్లాడాలి, ఎంతవరకు తీసుకోవాలి, ఎప్పుడు చాలనాలి అన్నదే ఆ పద్ధతి. మన వాళ్లకు చెప్పాలనిపించింది అందుకే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా ఈ దేశం విస్తీర్ణంలో సగం ఉండవు. జనం మాత్రం సుమారు పాతిక లక్షలే. ఎక్కువ భాగం కలహారి ఇసుకే. 1885లో బ్రిటన్ దీన్ని బెచువానాలాండ్ పేరుతో తన రక్షణ కిందికి తెచ్చుకుంది. పదేళ్లకు గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీకి దీన్ని అప్పగించే ప్రయత్నం మొదలైంది. అప్పుడు మూడో ఖామా, సెబెలె, బతోయెన్ అనే ముగ్గురు తెగపెద్దలు ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. ఊరూరా తిరిగి చర్చిల్లో, సభల్లో తమ గోడు చెప్పుకున్నారు. వలస మంత్రి జోసెఫ్ చాంబర్లేన్‌ను కలిసి, రైలు మార్గానికి కొంత నేల వదులుకుని, పన్ను కట్టడానికి ఒప్పుకుని, కంపెనీ పాలన తప్పించుకున్నారు. అదే ఏడాది చివర రోడ్స్ మనుషులు పక్కనున్న ట్రాన్స్‌వాల్ మీదికి దండెత్తి భంగపడటం కూడా వీళ్లకు కలిసొచ్చింది. రాజధాని గాబరోన్‌లో ఆ ముగ్గురి విగ్రహాలు నిలబెట్టారు. అవి చూసినప్పుడల్లా నాకు వాళ్ల బేరం గుర్తొస్తుంది. పోగొట్టుకోక తప్పనిది ఏదో, ఎంత మాత్రం వదలకూడనిది ఏదో వాళ్లకు ముందే తెలుసు.

1966 సెప్టెంబర్ 30న స్వాతంత్య్రం వచ్చేనాటికి దేశం మొత్తానికి తారురోడ్డు 12 కిలోమీటర్లు. పట్టభద్రులు 22 మంది. అంతకు ముందు వరకు పరిపాలన కూడా సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ నుంచే సాగింది. గాబరోన్ నగరాన్ని హడావుడిగా కట్టుకున్నారు. ఆ పైన కరువు, పశువుల్లో మూడో వంతు దాకా చచ్చిపోయాయి. ప్రభుత్వం రోజువారీ ఖర్చులో దాదాపు సగం బ్రిటన్ గ్రాంటుతో నడిచేది. చుట్టూ చూస్తే జాతి వివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికా, దాని గుప్పిట్లో ఉన్న నమీబియా, తెల్లవాళ్ల పాలనలోని రొడీషియా.

తొలి అధ్యక్షుడు సెరెత్సె ఖామా. ఇంగ్లండులో చదువుకుంటూ రూత్ విలియమ్స్ అనే తెల్లమ్మాయిని 1948లో పెళ్లాడినందుకు, దక్షిణాఫ్రికా ఒత్తిడికి లొంగిన బ్రిటన్ ఆయన్ని సొంత గడ్డకు దూరంగా ఉంచింది. తెగ పెద్దరికం వదులుకున్నాకే 1956లో తిరిగి రానిచ్చారు. అలాంటి మనిషి అదే బ్రిటన్ దగ్గర సాయం తీసుకుంటూ, వీలైనంత త్వరగా అది అక్కర్లేకుండా చేసుకోవాలని పట్టుబట్టాడు. 1970ల మొదట్లోనే ఆ గ్రాంటు అవసరం తీరిపోయింది.

ఈ కథలో నాకు బాగా నచ్చే మనిషి కెట్ మసీరె. బడి పెట్టాడు, వ్యవసాయం చేశాడు, పత్రికలో పనిచేశాడు, ఆనక ఆర్థిక మంత్రి అయ్యాడు, 1980లో సెరెత్సె పోయాక అధ్యక్షుడయ్యాడు. ఆర్థిక శాఖను, ప్రణాళికా శాఖను ఒక్కటి చేసి డబ్బు సంచీ, పనుల జాబితా ఒకే చోట ఉండేలా చూశారు. జాతీయ ప్రణాళికలో లేని పనికి ఏ దేశం డబ్బిస్తానన్నా తీసుకోకూడదు. ఆస్పత్రి కట్టిస్తామంటే కట్టాక డాక్టరు జీతం, మందుల ఖర్చు, జనరేటరు డీజిలు ఎవరు భరిస్తారన్న లెక్క ముందు తేలాలి. మన జిల్లాల్లో గోడలు లేచి, శిలాఫలకం మీద పేర్లు చెక్కించుకుని, సిబ్బంది లేక తాళాలు పడ్డ భవనాలు చూసినవాణ్ని కాబట్టి ఆ నియమం నన్ను కదిలించింది. వీళ్లూ దాన్ని అన్నిచోట్లా పాటించలేకపోయారు. కానీ ఏ పని కావాలో చెప్పే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు.

అలా స్వీడన్ డబ్బు పల్లెల్లో బోర్లకు, తాగునీటికి వెళ్లింది. నార్వే డబ్బు, నార్వే డాక్టర్లు జిల్లా ఆరోగ్య కేంద్రాలకు వెళ్లారు. నాటా నుంచి జాంబెజి ఒడ్డున కజుంగులా దాకా రోడ్డుకు అమెరికా సాయపడింది. జాతి వివక్ష దేశం మీద ఆధారపడకుండా ఉత్తరానికి ఒక దారి కావాలన్నది వీళ్ల కోరిక. అదే కజుంగులాలో ఒకప్పుడు లారీలు పంటు కోసం రోజుల తరబడి పడిగాపులు కాసేవి. 2021 మేలో జపాన్ అప్పుతో, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అప్పుతో బోట్స్వానా, జాంబియా కలిసి కట్టుకున్న 923 మీటర్ల వంతెన తెరుచుకుంది.

బయటి చేయి అందనప్పుడు ఏం చేశారో కూడా చెప్పాలి. బోట్స్వానా, లెసోతో, స్వాజిలాండ్‌లకు ఉమ్మడి విశ్వవిద్యాలయం ఉండేది. 1975లో లెసోతో తన గడ్డ మీదున్న ప్రాంగణాన్ని సొంతం చేసుకుంది. సొంత విశ్వవిద్యాలయం కట్టుకోవడానికి సెరెత్సె ప్రజల్ని అడిగాడు. మనిషికో పశువు ఇమ్మన్నాడు. ఉన్నవాళ్లు ఎద్దుల్ని, ఆవుల్ని తోలుకొచ్చారు, లేనివాళ్లు ధాన్యం, కోడిగుడ్లు, చిల్లర డబ్బులు తెచ్చారు. మన పల్లెల్లో బడికి చందాలు వేసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు ఇది వింత అనిపించదు. విశ్వవిద్యాలయంలో పశువుతో నిలబడ్డ మనిషి విగ్రహం ఆ రోజులకు గుర్తు.

ఇక వజ్రాలు. 1967లో ఒరాపా దగ్గర పెద్ద గని బయటపడింది. అది సెరెత్సె సొంత తెగ నేల. అదే ఏడాది వచ్చిన గనుల చట్టం నేల కింద ఉన్నదంతా దేశానిదే అంది. ఆ సంపద తమ తెగకే అని ఆయన పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో, పక్క దేశాల ఖనిజ యుద్ధాలు చూస్తే ఊహించుకోవచ్చు. వజ్రాల కంపెనీ డి బీర్స్‌తో మొదటి ఒప్పందంలో ప్రభుత్వ వాటా 15 శాతం. గని ఎంత పెద్దదో తేలాక మళ్లీ కూర్చుని 1975లో సగం సగం చేయించుకున్నారు. పన్నులు, రాయల్టీ కలిపితే లాభంలో 80 శాతం దాకా ప్రభుత్వానికే చేరేది. 1982లో మొదలైన జ్వానెంగ్ గని విలువలో ప్రపంచంలోకెల్లా గొప్పది. 1976లో దక్షిణాఫ్రికా నాణెం రాండ్‌ను వదిలి సొంత నాణెం పులా తెచ్చుకున్నారు. 1994లో ఐక్యరాజ్యసమితి అతి వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటపడిన మొదటి దేశం ఇదే. గట్టెక్కారని దాతలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకున్నారు.

అన్నీ మంచే జరిగాయని రాస్తే అబద్ధం అవుతుంది. సెలెబి-ఫిక్వె రాగి, నికెల్ గని కోసం ప్రపంచ బ్యాంకు, పాశ్చాత్య దేశాలు డబ్బు పోసి ఊరినే నిర్మించాయి. సాంకేతిక చిక్కులు, పడిపోయిన ధరలు దాన్ని ఎప్పుడూ ఊపిరి పీల్చుకోనివ్వలేదు. 2016 అక్టోబర్‌లో మూసేశారు. వేల కుటుంబాలకు ఒక్కసారిగా జీతం ఆగింది. యూరప్ 1975 తర్వాత ఇక్కడి గొడ్డు మాంసానికి మంచి ధర ఇచ్చింది, దానికి గాలికుంటు సోకని పశువులే కావాలంది. రోగం పాకకుండా అంతకు ముందే వేసిన కంచెలకు తోడు కొత్తవి లేచాయి. నీళ్ల కోసం వలస పోయే వైల్డ్‌బీస్ట్ జంతువులు 1980ల కరువులో ఆ కంచెల పక్కన వేలల్లో చచ్చాయి. పశువులున్న పెద్దవాళ్లు బాగుపడ్డారు, లేనివాళ్లు అలాగే ఉండిపోయారు. కలహారి మధ్య అభయారణ్యం నుంచి బసార్వా ఆదివాసుల్ని ఖాళీ చేయించిన తీరు చట్టవిరుద్ధమని 2006లో ఇక్కడి హైకోర్టే చెప్పింది. మన పోలవరం ముంపు గ్రామాల గురించి ఆలోచించేవాళ్లు ఇది ఒక్క బోట్స్వానా కథ అనుకోరు.

హెచ్‌ఐవీ రోజులు ఈ దేశం ఉనికినే ప్రశ్నించాయి. 2000 నాటికి వయోజనుల్లో నలుగురిలో ఒకరికి పైగా ఆ వైరస్ ఉంది. ప్రతి శనివారం అంత్యక్రియలే. అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయె ఈ విపత్తును దాచలేదు. గేట్స్ ఫౌండేషన్, మెర్క్ కంపెనీ చెరో ఐదు కోట్ల డాలర్లతో ప్రభుత్వంతో చేయి కలిపాయి, హార్వర్డ్ పరిశోధకులు ప్రయోగశాల నిలబెట్టారు, తర్వాత అమెరికా నిధులు వచ్చాయి. 2002లో ఆఫ్రికాలో అందరికన్నా ముందు, దేశమంతా ఉచితంగా మందులివ్వడం ఇక్కడే మొదలైంది. ఆఫ్రికా అంతటా వాడే ఈ మందుల్లో హైదరాబాద్ కంపెనీలు తయారుచేసినవి ఎన్నో ఉన్నాయి, మనం గర్వపడాల్సిన సంగతి అది. తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని ఎంతగా తగ్గించారంటే, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఇంత తీవ్రంగా దెబ్బతిన్న దేశాల్లో దాన్ని అందుకున్న మొదటిది ఇదే. ఖర్చులో పెద్ద వాటా సొంత ఖజానాదే.

ఆ ఖజానాకే ఇప్పుడు కష్టం వచ్చింది. ప్రయోగశాలల్లో తయారుచేసే వజ్రాల వల్ల గనుల వజ్రానికి గిరాకీ పడిపోయింది. వాటిని పెద్ద ఎత్తున తయారు చేసేది మన సూరత్. గని వజ్రాల్ని సానపట్టేందుకు గాబరోన్‌లో కార్ఖానాలు పెట్టినవాళ్లలో కూడా ఆ ఊరివాళ్లు ఎందరో. ఎగుమతుల్లో సుమారు 80 శాతం వజ్రాలే అయిన దేశానికి ఇది చిన్న దెబ్బ కాదు. 2024 ఎన్నికల్లో, స్వాతంత్య్రం నుంచి పాలించిన పార్టీని జనం దించి డూమా బోకోను గెలిపించారు. మరుసటి ఏడాది అమెరికా సాయం తెగిపోతుండగా మందుల సరఫరా దెబ్బతిని, బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

ఇప్పుడు నా ఆలోచనంతా మసీరె పద్ధతి మీదే. ఈసారి వచ్చే భాగస్వాములు గ్రాంటు ఇచ్చే స్వీడన్, నార్వే ప్రభుత్వాల్లాంటివాళ్లు కారు. మ్మడినారె దగ్గర సౌర విద్యుత్ కేంద్రం కట్టిందీ నార్వే సంస్థే, కానీ అది వ్యాపారం, ప్రభుత్వ విద్యుత్ సంస్థ పాతికేళ్లు కరెంటు కొంటానని రాసిచ్చిన ఒప్పందం మీద నడుస్తుంది. ఎండకు లోటు లేని దేశంలో ఇలాంటి కేంద్రాలు ఇంకా రావాలి. యూనిట్ ధర, పులా విలువ పడిపోతే నష్టం ఎవరిది, గడువు తీరాక పలకలు, తీగలు ఎవరికి చెందుతాయి అన్నవి ముందే అడగాలి. ఒరాపా ఒప్పందాన్ని మళ్లీ తెరిపించిన ప్రభుత్వం ఈ పత్రాల్ని కూడా అంతే ఓపిగ్గా చదువుతుందని నా ఆశ.