ఆస్థానం: గద్దె నుంచి గుడికి

'స్థా' అంటే నిలవడం. దానికి 'ఆ' అనే ఉపసర్గ చేరి 'ఆస్థానం' అయింది. రాజు కొలువుదీరే సభ అని అర్థం.

ఆ సభలో చోటు దొరికితే విద్వాంసుడికి పూట గడిచే చింత తీరేది, విద్యకు తీరిక దొరికేది. విజయనగరంలో మహారాజు ఆనంద గజపతి ఆదిభట్ల నారాయణదాసును ఆస్థాన విద్వాంసుణ్ణి చేశారు. ఆ ఆదరణ ఒక్కరితో ఆగకపోవడమే గొప్ప. 1919లో అక్కడ సంగీత కళాశాల పెడితే దాసుగారే తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు.

రాజ్యాలు పోయినా మాట పోలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఎం.ఎస్. సుబ్బులక్ష్మిని, బాలమురళీకృష్ణను ఆస్థాన విద్వాంసులుగా గౌరవించింది.

తిరుమలలో కొలువుదీరేది దేవుడే: ఉగాది ఆస్థానం, దీపావళి ఆస్థానం, జులైలో ఆణివార ఆస్థానం. ఆలయ పాలన మహంతుల చేతిలో ఉన్న కాలంలో లెక్కలు ఆణివార ఆస్థానం నాటినుంచే మొదలయ్యేవి.