పంతుళ్లను కన్న పల్లె

తెలంగాణలోని జైనూర్ మండలంలో మార్లవాయి అనే చిన్న గోండు గూడెం ఉంది. గోండు పిల్లలకు గోండీలోనే అక్షరాలు నేర్పే పని ఇక్కడే ఊపందుకుంది.

1940లో నిజాం సర్కారుపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని సర్కారుకు అప్పుడు తట్టింది. ఆ పని ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పజెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆయన హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లలేని రోజులవి. భార్య బెట్టీతో వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండీ నేర్చుకున్నారు.

గోండుల భూములు పోవడానికి కాగితం చదవలేకపోవడమూ ఒక కారణమని ఆయన గ్రహించారు. పట్వారీ ఏం రాశాడో, ఫారెస్టువాళ్లు దేనికి డబ్బు గుంజారో గోండుకు తెలియదు. బడి పెడదామంటే గోండీలో చెప్పే పంతులేడీ? చదువొచ్చిన గోండులను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. బడి లేనిదే పంతులు తయారుకాడు, పంతులు లేనిదే బడి నడవదు. ఈ ముడి విప్పిన తీరు నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. ముందు పంతుళ్లనే తయారుచేశారు! 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. పెద్దవాళ్లయ్యాక అక్షరాలు దిద్దిన గోండులే పంతుళ్లై గూడేలకు వెళ్లారు. ఆ ప్రాంతంలో మరాఠీ తెలిసినవాళ్లు ఉండేవారు కాబట్టి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన అధికారి సేతుమాధవరావు పగడి తానూ గోండీ నేర్చుకుని ఆ పనికి అండగా నిలిచారు.

అక్కడికి దగ్గర్లోని గుంజాలలో గోండులకు సొంత లిపి, ఆ లిపిలో రాతప్రతులు ఉన్నాయని లోకానికి తెలిసింది ఈ శతాబ్దంలోనే. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ వాచకాలు ఆ అక్షరాల్లోనే వచ్చి ఉంటేనా అనిపిస్తుంది.

గూడెంలో అక్షరం రాకముందు నుంచీ మరో చదువుంది. దీపావళికి దండారీ ఆట బృందం కట్టి, నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకున్న గుస్సాడీలు దేవుడి పేరున ఆడతారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు, మంచమెక్కరు, బ్రహ్మచర్యం పాటిస్తారు. ఆటే వాళ్లకు పూజ. ఆ ఆటను ఎందరికో నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ మార్లవాయే.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఈ గూడెంలోనే సమాధి చేశారు. 1995లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలూ తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడికి వచ్చి ఇద్దరికీ తమ పద్ధతిలో పూజ చేస్తారు.