సముద్రపు నాచు – తీర నాణ్యతకు కొలమానం

ఆటు సమయంలో బయటపడే బండలమీది నాచు జాతులను గుర్తించి, లెక్కించి, వాటిని బట్టి తీరజలాల ఆరోగ్యాన్ని అంచనా వేసే పద్ధతి ఇది. ఐరోపాలో ఈ శతాబ్ది తొలి దశకంలో చట్టం అవసరాల కోసం రూపుదిద్దుకుంది. దీనికి ఆధారమైన పరిశీలనలు అంతకుముందు నుంచీ ఉన్నాయి.

నాచు రాతిని అంటిపెట్టుకుని ఉన్నచోటే బతుకుతుంది. పోషకాలను ఒళ్లంతటితో నీటి నుంచే పీల్చుకుంటుంది. ఒకనాడు సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. నాచు మాత్రం నెలల తరబడి ఆ నీళ్లలో జరిగినదానికి సాక్ష్యం. మురుగు చేరేచోట సున్నితమైన ఎర్ర, గోధుమ నాచులు తగ్గిపోతాయి. ఉల్వా వంటి పచ్చనాచులు వాటి జాగాను త్వరత్వరగా ఆక్రమిస్తాయి.

పచ్చదనం విస్తరించినంత మాత్రాన తీరం బాగున్నట్టు కాదని 1967లో స్పష్టంగా తెలిసివచ్చింది. ఆ ఏడాది మార్చి 18న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దగ్గర టోరీ కాన్యన్ అనే చమురు నౌక రాళ్లను ఢీకొంది. అందులో ఉన్నది సుమారు 1,19,000 టన్నుల ముడిచమురు. తీరాన్ని శుభ్రం చేయడానికి చల్లిన డిటర్జెంట్లు చమురుకంటే ఎక్కువ హాని చేశాయి. నాచును గీకి తినే లింపెట్ నత్తలు చచ్చిపోవడంతో బండలు మొదట పచ్చనాచుతో, తర్వాత గోధుమనాచుతో నిండిపోయాయి. డిటర్జెంట్లు ఎక్కువగా పడిన తీరాలు కోలుకోవడానికి పదేళ్లు కూడా చాలలేదు.

అయితే జాతులు ఋతువును బట్టి, ఏడాదిని బట్టి వచ్చిపోతుంటాయి. మరి ఏ జాబితాను ప్రమాణంగా తీసుకోవాలి? స్కాట్లండ్‌లోని ఈలీ తీరపు నాచులను పరిశోధకులు మార్టిన్ విల్కిన్సన్, ఐవర్ టిట్లీ 1970లలో తిరిగి పరిశీలించారు. ఇలాంటి పరిశీలనల నుంచి తేలిన విషయం ఒకటుంది: పరిస్థితులు చెడనంతకాలం జాతుల పేర్లు మారినా, వాటి సంఖ్య దాదాపు నిలకడగా ఉంటుంది. ఈ పద్ధతి మొత్తానికీ పునాది ఇదే.

2000లో ఐరోపా సమాఖ్య జలవిధాన ఆదేశం తెచ్చింది. కాలుష్యాన్ని తట్టుకోలేని నాచు జాతులు ఉన్నాయో లేదో కూడా చూసి తీరజలాల స్థితిని నిర్ణయించాలంది. బ్రిటిష్ దీవుల్లో నాచు జాతులు ఆరువందలకు పైనే. అన్నిటినీ గుర్తుపట్టగల నిపుణులు కొద్దిమందే. అందుకని ఎమ్మా వెల్స్, విల్కిన్సన్, వారి సహచరులు ప్రాంతాన్ని బట్టి కాస్త మారే, సుమారు 70 జాతుల కుదించిన జాబితా తయారుచేసి 2007లో ప్రచురించారు. జాతుల సంఖ్యతోపాటు ఎర్రనాచుల, పచ్చనాచుల, అవకాశం చూసి విజృంభించే జాతుల నిష్పత్తులు, నిదానంగా ఎదిగేవాటికి త్వరగా ఎదిగేవాటికి మధ్య నిష్పత్తి ఇందులో లెక్కకు వస్తాయి. పగుళ్లు, మడుగులు ఎక్కువున్న తీరంలో సహజంగానే జాతులు ఎక్కువ కాబట్టి దానికి తగిన సవరణ కూడా ఉంది. ఫలితం 0కు 1కి మధ్య వస్తుంది, 0.8 దాటితే అత్యుత్తమం, 0.2 కంటే తక్కువైతే అధమం. జాతుల సంఖ్య ఒక్కదాన్నే నమ్మకపోవడం ఈ పద్ధతిలో మెచ్చుకోదగ్గ వివేకం.

మధ్యధరా దేశాలు వేరే దారులు పట్టాయి. అమెరికాలో లిట్లర్ దంపతులు 1980లో నాచు ఆకృతికీ జీవనానికీ ఉన్న సంబంధంపై చేసిన ఆలోచనను సోటిరిస్ ఓర్ఫనిడిస్ బృందం 2001లో గ్రీసు తీరానికి సూచికగా మలచింది. కాటలోనియాలో ఎన్రిక్ బల్లెస్టెరోస్ బృందం జాతులను లెక్కపెట్టకుండా, పడవలో తీరం వెంబడి వెళ్తూ నాచు సముదాయాలను పటంపై గుర్తించింది.

నదీముఖాల్లో జాతుల లెక్క దారితప్పుతుంది. ఉప్పదనం తగ్గినచోట, ఇసుక ఒరిపిడి ఉన్నచోట కాలుష్యం లేకపోయినా జాతులు తక్కువే, పచ్చనాచుల వాటా ఎక్కువే. బ్రిటన్ జాబితా బంగాళాఖాతానికి పనికిరాదు కూడా. ఏ తీరానికైనా దాని పాత లెక్కలే ప్రమాణం కావాలి. ఆంధ్ర తీరానికి అలాంటి ఆధారం ఉండటం అదృష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖపట్నం బండలమీది నాచులపై 1964లో పర్యావరణ అధ్యయనాన్ని, 1970లో వివరమైన జాతుల జాబితాను వెలువరించారు. రెండూ అక్కడ ఔటర్ హార్బర్ రాకముందు తీరం ఎలా ఉండేదో నమోదు చేసినవి.