మానాలో దిగిన పాత జెట్టు

2015 ఆగస్టు 7న ఢాకా నుంచి మస్కట్ వెళ్తున్న ఎండీ-83 విమానం గాలిలో ఉండగానే ఇంజన్ చెడిపోయింది. దగ్గర్లో ఉన్నది రాయ్‌పూర్. ఊరివాళ్లు మానా అని పిలిచే స్వామి వివేకానంద విమానాశ్రయంలో అత్యవసరంగా దించారు. అందులోని నూట డెబ్బై మందికి పైగా ప్రయాణికులు క్షేమంగా దిగి, వేరే విమానంలో వెళ్లిపోయారు. జెట్టు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని యజమాని, బంగ్లాదేశ్‌కు చెందిన యునైటెడ్ ఎయిర్‌వేస్, మరుసటి ఏడాదే మూతపడింది. నిలిపి ఉంచినందుకు గంటకు 320 రూపాయల చొప్పున బాకీ పెరుగుతూ పోయింది.

మస్కట్ అనగానే మనకు కరీంనగర్, కడప గుర్తొస్తాయి. గల్ఫ్ దారి పొట్టకూటి దారి. అమెరికా, ఐరోపా సంస్థలు వాడి వదిలిన జెట్లు చాలాకాలంగా ఇలాంటి దారుల్లోకే చేరుతున్నాయి. ఎండీ-83 కూడా 1965లో ఎగిరిన డీసీ-9 వంశంలోదే. కొత్త విమానం వచ్చిందంటే పాతది ఎక్కడికి పోయిందని కూడా అడగాలి.

జెట్లను మార్పించేది ముఖ్యంగా చమురు ఖర్చు. ఎయిర్ ఇండియా 1960లో బోయింగ్ 707ను, 1971లో 747ను తెచ్చుకుంది. రెండింటికీ నాలుగేసి ఇంజన్లు. ఆ రోజుల్లో రెండు ఇంజన్ల విమానం, ఒక ఇంజన్ ఆగినా గంటలోపు ఏదో ఒక విమానాశ్రయం చేరేంత దగ్గరగానే ఎగరాలి. మహాసముద్రాలు దాటడానికి ఆ నిబంధనే అడ్డు. 1985లో ఆ గడువును రెండు గంటలకు పెంచడంతో 767లు అట్లాంటిక్ మీదుగా తిన్నగా సాగాయి. నాలుగు ఇంజన్ల రోజులు దగ్గరపడింది అప్పుడే అని నా లెక్క.

767 వారసుడిగా వచ్చిన 787 డ్రీమ్‌లైనర్‌ను 2011లో జపాన్ సంస్థ ఏఎన్‌ఏ మొదట అందుకుంది. 2012 సెప్టెంబరులో ఎయిర్ ఇండియాకు వచ్చింది. దాని నిర్మాణం బరువులో సగం కార్బన్ పీచు వంటి మిశ్రమ పదార్థాలదే. 767 కంటే ఐదో వంతు చమురు తక్కువ తాగుతుందని బోయింగ్ చెప్పుకుంది. పాత జెట్లలో లోపలి గాలి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటే, ఇందులో 6,000 అడుగుల స్థాయికి మించదు. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు ఆ తేడా చిన్నది కాదు.

రాయ్‌పూర్ నుంచి హౌరా-ముంబయి లైను మీద పడమరగా వెళ్తే నాగపూర్ వస్తుంది. అక్కడి మిహాన్ పారిశ్రామిక ప్రాంతంలోని టాటా కర్మాగారంలో ఈ 787 నేల కింద పరిచే దూలాలు తయారయ్యాయి. మన పనివాళ్ల చేతి పని ఖండాలు దాటి ఎగురుతోందంటే నాకు నిజంగా గర్వం.

కష్టాలూ ఉన్నాయి. బ్యాటరీలు కాలడంతో 2013 జనవరిలో ప్రపంచమంతటా 787లను ఆపేశారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిర్ ఇండియా 787 ప్రమాదంలో 260 మంది చనిపోయారు. ఈ జెట్టు కథ ఎవరు చెప్పినా ఆ తేదీని దాటిపోలేరు.

ఢాకా కూడా మారింది. ప్రయాణికులతో తిరుగుతున్న చివరి డీసీ-10 జెట్టును బంగ్లాదేశ్ విమాన సంస్థ బిమాన్ 2014 ఫిబ్రవరిలో పక్కన పెట్టింది. 2018 ఆగస్టులో ఆ సంస్థకు తొలి 787 వచ్చింది. ఇటు ఎయిర్ ఇండియా 747 ఒకటి 2024 ఏప్రిల్ 22న ముంబయి నుంచి లేచి, రెక్కలు ఊపి వీడ్కోలు చెప్పి, విడిభాగాలుగా మారడానికి అమెరికా వెళ్లింది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన చివరి ఎండీ-80 జెట్లకు వీడ్కోలు పలికింది 2019 సెప్టెంబరు 4న. అదే వంశానికి చెందిన మానా జెట్టు నేల దిగి అప్పటికే నాలుగేళ్లు దాటింది.