సకినాలు సుట్టిన బట్ట, బొంతలో పొర: బోధన్ మాదిగవాడ పండుగల చరిత్ర

చరిత్ర పుస్తకాల్లో బోధన్ అంటే చక్కెర. నిజాంసాగర్, శక్కర్‌నగర్, నిజాం చక్కెర ఫ్యాక్టరీ, ఈ మూడు పేర్ల చుట్టే ఈ ప్రాంత చరిత్ర తిరుగుతుంది. ఎన్ని ఎకరాలకు నీళ్లు పారినయో, ఎన్ని టన్నుల చెరకు గానుగాడిందో లెక్కలు దొరుకుతాయి. ఆ చెరకు కొట్టిన మనిషి ఇంట్లో పండుగ పూట పొయ్యి మీద ఏముండేది? ఆమె పిల్లలు చలికాలంలో ఏం కప్పుకొని పండుకునేవాళ్లు? ఈ లెక్క ఏ దస్తావేజులోనూ లేదు. ఆధిపత్య కులాల ఇండ్లల్లో పిండివంటలు ‘సంప్రదాయం’ అయ్యాయి, వాళ్ల కుట్లు అల్లికలు ‘కళ’ అయ్యాయి. మన ఇండ్లల్లో అవే పనులు ‘బీదరికం’ ఖాతాలో జమ అయ్యాయి.

కొన్నేండ్ల కింద ఒక సెమినార్‌కు మా అమ్మ కుట్టిన బొంతను తీసుకపోయి చూపించాను. ఒక పెద్ద ప్రొఫెసర్ నవ్వి, “అమ్మా, ఇది సెంటిమెంటు. ఇందులో చారిత్రక ఆధారం ఏముంది?” అని అడిగాడు. అప్పుడు నాకు జవాబు రాలేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. పెద్దోళ్ల ముందట నోరు తెరవడానికి కూడా ధైర్యం కూడగట్టుకోవాలి. ఆ రోజు చెప్పలేని జవాబే ఈ వ్యాసం.

బెల్లం కంటే ముందు తోలుకుట్టు

మంజీరా మీద నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లిచ్చే లెక్కతో కట్టిన ప్రాజెక్టు అది. దానికి ముందు ఇక్కడ సాగంతా చెరువులు, బావుల కింద. బావి నీళ్లు పైకి రావాలంటే మోట కావాలి, మోటకు తోలు బొక్కెన కావాలి. తర్వాత ఇనుప బొక్కెనలు వచ్చినా దాని తొండం మాత్రం తోలుదే. చచ్చిన పశువును ఎత్తి, తోలు తీసి, లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊరబెట్టి, ఆరెతో కుట్టినవాడు మాదిగ. ఆ కుట్టు ఊడితే నీళ్లు మడికి రావు, మళ్ల బావిలనే పడ్తయి. బావి కింద పండిన ప్రతి తోట వెనుక, అక్కడి చెరకుతో వండిన ప్రతి బెల్లం ముద్ద వెనుక ఒక తోలుకుట్టు ఉన్నది.

మేరోళ్ల కుట్టుకు ‘దర్జీ పని’ అనే పేరైనా దక్కింది, వాళ్లతో కూడా దొరలు వెట్టి చేయించుకున్నా సరే. మాదిగ కుట్టుకు దక్కింది మైల. ఆ బొక్కెన తోడిన నీళ్లకు మైల లేదు, ఆ నీళ్లతో పండిన బెల్లానికీ లేదు. బెల్లంతో చేసిన పోలెలు దేవుని ముందటికి పోయినయి. కుట్టినోడు మాత్రం గడప అవతలనే.

ఈ సేవకు కళ్లం కాడ ఇన్ని గింజలు, పండుగనాడు దొర ఇంట్లో మిగిలిన వంట. మా అవ్వ చిన్నప్పుడు పండుగ మరునాడు గిన్నె పట్టుకొని పెద్దిండ్ల వెనుక దర్వాజ కాడ నిలబడేది. “పైనుంచి వేసేటోళ్లు బిడ్డా. సగం గిన్నెల, సగం భూమ్మీద. భూమ్మీద పడ్డది గూడ ఏరుకుంటుంటిమి” అని చెప్పేది. 1927లో మహాడ్ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానండి, అడుక్కొచ్చే ఎంగిలి మెతుకులు మానండి అని చెప్పింది ఈ గిన్నె గురించే. మహాడ్ బ్రిటిషు పాలనలోని కొంకణ్‌లో ఉంది. బోధన్‌కు ఆనుకొని ఉన్న మరాఠ్వాడా మాత్రం అప్పుడు మనతోపాటు నిజాం రాజ్యంలోనే ఉండేది. అక్కడి మహర్, మాంగు వాడల గిన్నె, మా గిన్నె ఒక్కటే.

చెరకు గడియారం

1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ నీళ్లు చూసి కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకున్నారు. భూమి స్థానిక దొరలది, లేకుంటే క్యాంపోళ్లది. చెరకు కొట్టే కత్తి మాది. అయినా ఒక మార్పు వచ్చింది. గింజల కూలి కాడ పైసల కూలి మొదలైంది. ఆ పైసలు చేతికొచ్చినంక ఒక సంక్రాంతికి మా అవ్వ గిన్నె పట్టుకొని పోవుడు బంద్ చేసింది. దొర ఇంటినుంచి మనిషొచ్చి అడిగితే “మా ఇంట్ల మేం చేసుకున్నం” అన్నదట. ఆ ఏడాది చేసింది ఒక్క శేరు బియ్యం సకినాలు. మా కుటుంబంలో పండుగ అక్కడినుంచి మొదలైంది.

సకినాలకు కొత్త బియ్యం నానబెట్టి, దంచి, జల్లెడ పట్టి, నువ్వులు, ఓమ, ఉప్పు కలుపుతారు. తడిపిండిని వేళ్ల మధ్య సన్నగా మెలిపెట్టుకుంటూ శుభ్రమైన పాత బట్ట మీద చుట్లు చుట్లుగా సుడతారు. బట్ట తడిని పీల్చుకుంటుంది. కొంచెం ఆరినంక ఒక్కొక్కటి విరగకుండా లేపి నూనెలో వేస్తారు. ఒక్కరితో అయ్యే పని కాదు, వాడ ఆడోళ్లంతా ఇంటింటికీ తిరిగి సుట్టాలి.

దీనికి తీరిక ఎప్పుడు? ఫ్యాక్టరీ చెరకు ఆడేది చలికాలంలో. సంక్రాంతి సరిగ్గా మధ్యలో వస్తుంది. కొట్టిన చెరకు నిలువ ఉంటే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. ఒకసారి కోత మొదలైతే బండ్ల వరుస తెగకూడదు. ఆ గడియారానికి పండుగ లేదు. మా అమ్మ పొద్దంతా చెరకు కొట్టి, మోపులు కట్టి, రాత్రి బుడ్డిదీపం కింద సకినాలు సుట్టేది. చెరకాకు కోసిన వేళ్లకు ఉప్పు పిండి తగిలితే మంట. “సుడుతుంటే ఏడుపొస్తుండె, గని నవ్వుకుంట సుడుతుంటిమి” అంటది. పండుగకు కావలసిన పైసలు ఇచ్చింది చెరకే, పండుగకు కావలసిన పొద్దును గుంజుకున్నదీ చెరకే. ఈ రెండూ కలిపి చెప్పకుండా ఫ్యాక్టరీ మాకు విముక్తి తెచ్చిందనడం తప్పు, ఏమీ తేలేదనడమూ తప్పు.

మరి చక్కెర? మేం కొట్టిన చెరకు చక్కెరై మా ఇంటికి వచ్చింది కంట్రోల్ దుకాణం నుంచి, కార్డు మీద, తూకం వేసి. ఫ్యాక్టరీలు తమ ఉత్పత్తిలో కొంత భాగాన్ని లెవీ కింద ప్రభుత్వానికి ఇచ్చేవి, అదే రేషన్‌కు వచ్చేది. 2013లో ఆ లెవీని ఎత్తేశారు. ఆ చక్కెర చాయకే సరిపోయేది కాదు. మా పండుగల తీపి అంతా బెల్లమే. బతుకమ్మకు సత్తు, మలీద ముద్దలు, పీరీల పండుగకు మళ్ల మలీద. రొట్టె నలిపి బెల్లం కలిపితే అయ్యే ఆ ముద్ద హిందువులదా, ముస్లింలదా అని మా వాడలో ఎవరూ అడగలేదు. పెత్రమాసనాడు పెద్దలకు పెట్టేది మాంసం, కల్లు. ‘పండుగంటే పిండివంట’ అనే మాట ఎవరి వంటింట్లోంచి వచ్చిందో దీన్నిబట్టి ఆలోచించాలి. ఎండబెట్టిన తునకలు ఉట్టి మీద ఉన్న ఇంట్లో పండుగ వాసనే వేరు.

బొంత విప్పి చదివితే

సకినాలు సుట్టిన బట్ట పండుగ అయినంక పారేయరు. ఉతికి దాచిపెడతారు. చెరకు పని అయిపోయి ఎండాకాలం వచ్చినంక అది బొంతలోకి పోతుంది. పాత నూలు చీరలు, ధోతులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పరిచి, అంచుల నుంచి నడిమికి వరుసలు వరుసలుగా దబ్బనంతో కుడతారు. నలుగురు ఆడోళ్లు నాలుగు మూలల కూసుంటే వారం పది రోజుల పని. సరిహద్దు దాటితే మరాఠీ వాడల్లో దీన్నే గోధడి అంటారు.

మా అమ్మ బొంత ఒకటి మూల చినిగితే దాన్ని విప్పి, మళ్లీ కుడుతూ పొరపొరకూ ఆమెను అడిగాను. కింది పొర మా నాయిన ధోతి. దాని మీద సకినాలు సుట్టిన బట్ట, నువ్వుల నూనె మరక ఇంకా ఉన్నది. నడిమి పొర ఒక పట్టంచు చీర. మా ఇంట్లో అంత ఖరీదైన చీర ఎక్కడిది? “దొరసాని ఇచ్చింది. నెల దినాలు ఇల్లు అలికితే కూలి కింద పాత చీర ఇచ్చింది. కట్టుకోబుద్ధి కాలె. కనపడొద్దని లోపట పెట్టిన” అన్నది. అన్నిటికన్నా పైన, పచ్చటి పూల చీర. చెరకు కూలి పైసలతో అమ్మ తనకు తాను కొనుక్కున్న మొదటి చీర.

ఆధారం ఏముందని అడిగిన ప్రొఫెసర్‌కు ఇప్పుడు జవాబు చెప్పగలను. కూలికి బదులు పాత బట్టలిచ్చిన సంగతి ఏ దొర ఖాతా పుస్తకంలో రాసుకుంటాడు? అది ఈ బొంత నడిమి పొరలో ఉన్నది. దాన్ని తీసుకున్న మనిషి అవమానాన్ని లోపల, ఆత్మగౌరవాన్ని పైన పెట్టి కుట్టిన సంగతి కూడా ఉన్నది. చదువు రాని మనిషి తన చరిత్రను ఏ వరుసలో చెప్పదలచుకున్నదో ఆ వరుసలోనే చెప్పింది.

అట్లని బొంతను పూజించాల్సిన పని లేదు. దుప్పటి కొనలేక కుట్టిన బొంత ఇది. రాత్రిళ్లు సకినాలు సుట్టింది, ఎండల బొంత కుట్టింది ఆడోళ్లు. అలసిపోయినమని మొగోళ్లు పండుకున్నారు. చెరకు ఇద్దరూ కొట్టినోళ్లే కదా! దళితవాడ చరిత్ర రాసేటప్పుడు ఈ సంగతి దాచిపెడితే మనమూ దొర ఖాతా పుస్తకమే రాసినట్టు.

ఇప్పుడు

2002లో ఫ్యాక్టరీని ప్రైవేటు భాగస్వామ్యంలోకి మార్చారు. 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తెరిపించే దారి వెతకడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. చెరకు తగ్గిన పొలాల్లోకి వరి, సోయా, మక్క వచ్చాయి. మా వాడ ఆడపిల్లలు నిజామాబాద్‌లో బట్టల దుకాణాలకు, టైలరింగుకు పోతున్నారు, పెద్దోళ్లు బీడీలు చుడుతున్నారు. ఎస్సీ కార్పొరేషన్ పథకాల్లో కుట్టు మిషన్లు ఇస్తారు. ఇవ్వాల్సిందే. కాని ‘ఏ పనీ రాని మహిళలకు నైపుణ్యం నేర్పిస్తున్నాం’ అనే మాట ఎప్పుడూ దాని వెంట వస్తుంది. తరాలుగా తోలు కుట్టిన, బొంత కుట్టిన వాడకు కుట్టు రాదనడం ఎవరి అజ్ఞానం?

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2017 నుంచి కొన్నేండ్లు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన చీరలు పంచారు. అమ్మ ఆ చీరను చేత్తో తడిమి చూసి “ఇది బొంతకు పనికిరాదు, జారుతది, చెమట పీల్చదు” అన్నది. సకినాలు ఇప్పుడు మిఠాయి దుకాణాల్లో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. సుట్టే బట్ట లేదు, దాచే బట్టా లేదు.

మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహు పాటోళె 2015లో మరాఠీలో పుస్తకం రాశారు. తెలుగులో దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల 2003లో ‘నల్లపొద్దు’గా తెచ్చారు. మన వంటింటి చరిత్ర, మన కుట్టు చరిత్ర ఇంకా రాయాల్సే ఉంది. చదువుకుంటున్న పిల్లలకు, బడి చెప్పే పంతుళ్లకు, సంఘాల్లో తిరిగే కార్యకర్తలకు నా విన్నపం ఒక్కటే. ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు సందుగ మీది పాత బొంతను దించండి. అమ్మనో అవ్వనో పక్కన కూసోబెట్టుకొని, ఏ పొర ఎవరిది, ఎట్ల వచ్చింది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసి పెట్టండి. మా అమ్మకు కండ్లు మసకబారినయి, దబ్బనంలకు దారం ఇప్పుడు నేనే ఎక్కిస్తున్న.