పారిస్ పారాలింపిక్స్‌లో భారత్: 29 పతకాలను ఎలా చదవాలి?

2024 ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 8 వరకు పారిస్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో భారత్ 29 పతకాలు గెలిచింది. వీటిలో 7 స్వర్ణాలు, 9 రజతాలు, 13 కాంస్యాలు ఉన్నాయి. పతకాల పట్టికలో 18వ స్థానం దక్కింది. 84 మందితో వెళ్లిన ఈ బృందం ముందుగా పెట్టుకున్న లక్ష్యం 25 పతకాలు.

అంతకు కొన్ని వారాల ముందు అదే నగరంలో జరిగిన ఒలింపిక్స్ నుంచి 117 మంది భారత క్రీడాకారులు 6 పతకాలతో, ఒక్క స్వర్ణమూ లేకుండా తిరిగొచ్చారు. దాంతో ‘ఒలింపియన్ల కంటే పారా అథ్లెట్లే నయం’ అన్న మాట జోరుగా వినిపించింది. వినడానికి బాగానే ఉన్నా ఈ పోలిక ఇద్దరికీ న్యాయం చేయదు. పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణాలు 329 అయితే, పారాలింపిక్స్‌లో 549. ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల విజేత ఒక్కరే. పారాలింపిక్స్‌లో అదే దూరానికి పదిమందికి పైగా విజేతలుంటారు. అలాగని అక్కడ పతకాలు సులువుగా వస్తాయని కాదు. చైనా 220, బ్రిటన్ 124, అమెరికా 105 పతకాలు గెలిచిన వేదిక అది. భారత్ తన ప్రదర్శనను పోల్చుకోవాల్సింది తన గతంతో, ఈ దేశాలతో.

గతంతో పోలిస్తే మార్పు అసాధారణం. 1968లో టెల్ అవీవ్‌లో తొలిసారి పాల్గొన్నప్పటి నుంచి 2016 రియో వరకు భారత్ గెలిచిన పారాలింపిక్ పతకాలన్నీ కలిపితే 12. టోక్యోలో ఒక్కసారే 19 వచ్చాయి. పారిస్‌లో 29. అంటే చివరి రెండు పోటీల్లోనే 48. రియోకు ముందు ఏడాది, 2015లో, అంతర్గత కలహాల కారణంగా భారత పారాలింపిక్ కమిటీని అంతర్జాతీయ కమిటీ సస్పెండ్ చేసింది. ఆ పరిస్థితి నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు.

వర్గీకరణే అసలు పోటీ

పారా క్రీడల్లో ఆట కంటే ముందు వచ్చేది వర్గీకరణ. వైకల్యం క్రీడాకారుడి కదలికను ఎంత పరిమితం చేస్తోందో నిపుణులు పరీక్షించి ఒక క్లాస్ కేటాయిస్తారు. అథ్లెటిక్స్‌లో ‘టీ’ అంటే పరుగు, జంప్‌లు. ‘ఎఫ్’ అంటే త్రోలు. 11 నుంచి 13 వరకు దృష్టి లోపం, 20 మేధోపరమైన వైకల్యం, 40, 41 పొట్టి ఎత్తు, 51 నుంచి 57 కూర్చుని విసిరేవారు. 64 అంటే మోకాలి కింద కాలు కోల్పోయి కృత్రిమ కాలితో పోటీపడేవారు. సుమీత్ అంతిల్ 70.59 మీటర్ల పారాలింపిక్ రికార్డుతో జావెలిన్ టైటిల్ నిలబెట్టుకున్నది ఈ ఎఫ్64లోనే.

క్లాస్ మారితే ఫలితమే మారిపోతుంది. టోక్యోలో డిస్కస్ త్రో ఎఫ్52లో మూడో స్థానంలో నిలిచిన వినోద్ కుమార్, ఆ క్లాస్‌కు అర్హుడు కాదని తేలడంతో కాంస్యం కోల్పోయారు.

దీప్తి జీవన్‌జీ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన ఈ కూలీల బిడ్డ మొదట్లో సాధారణ పోటీల్లోనే పరుగెత్తేది. ఊళ్లో ఎగతాళి మాటలు పడింది. కోచ్ నాగపురి రమేశ్ శిక్షణలో ఎదిగిన ఆమె, వైద్య పరీక్షలు, అంతర్జాతీయ వర్గీకరణ పూర్తయ్యాకే టీ20 క్లాస్‌లోకి వచ్చింది. 2024 మేలో కోబె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించింది. పారిస్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. విజేతకూ ఆమెకూ మధ్య తేడా సెకను కన్నా తక్కువ. మేధోపరమైన వైకల్యం విభాగంలో భారత్‌కు ఇదే తొలి పారాలింపిక్ పతకం. వైకల్యాన్ని గుర్తించి సరైన క్లాస్‌కు చేర్చేవారు ఎదురుపడకపోతే ఈ పతకం ఉండేది కాదు. మన జిల్లాల్లో అలాంటి వ్యవస్థ ఎంతవరకు ఉందన్నది రికార్డుల కంటే పెద్ద ప్రశ్న.

పతకాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

29లో 17 అథ్లెటిక్స్‌వే. బ్యాడ్మింటన్‌లో 5, షూటింగ్‌లో 4, ఆర్చరీలో 2, జూడోలో 1 వచ్చాయి. ప్రీతి పాల్ 100 మీటర్ల టీ35లో కాంస్యం గెలిచే వరకు, పారాలింపిక్స్ ట్రాక్‌పై భారత్‌కు ఒక్క పతకం కూడా లేదు. అంతకు ముందువన్నీ త్రోలు, జంప్‌లే. పారిస్‌లో కూడా అథ్లెటిక్స్ స్వర్ణాలు నాలుగూ వాటిలోనే దక్కాయి.

వాటిలో క్లబ్ త్రో ఎఫ్51ది ప్రత్యేకమైన ముచ్చట. మొదటి నాలుగు ప్రయత్నాలూ ఫౌల్ అయిన ధరమ్‌బీర్, ఐదోసారి 34.92 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచారు. ప్రణవ్ సూర్మకు రజతం దక్కింది. ధరమ్‌బీర్ గురువు అమిత్ కుమార్ సరోహా కూడా అదే పోటీలో బరిలో ఉండి చివరి స్థానంలో నిలిచారు.

బ్యాడ్మింటన్ ఎస్ఎల్3లో స్వర్ణం గెలిచిన నితేశ్ కుమార్‌ది హరియాణా. నౌకాదళ ఉద్యోగి కొడుకైన ఆయన 2009లో కాలు కోల్పోయింది విశాఖపట్నంలో జరిగిన రైలు ప్రమాదంలో. ఫైనల్లో బ్రిటన్‌కు చెందిన డేనియల్ బెథెల్‌పై 21-14, 18-21, 23-21తో నెగ్గారు.

ఏడు స్వర్ణాల్లో ఐదు హరియాణా క్రీడాకారులవే: సుమీత్, నితేశ్, హర్వీందర్ సింగ్, ధరమ్‌బీర్, నవదీప్ సింగ్. బ్యాడ్మింటన్‌లో వచ్చిన మూడు మహిళా పతకాలూ తమిళనాడువి. క్రీడాకారులకు దీర్ఘకాలంగా నగదు, ఉద్యోగం, కోచింగ్ ఇస్తున్న రాష్ట్రాలకే పతకాలు పోగవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి రోయింగ్‌లో కొంగనపల్లి నారాయణ, సైక్లింగ్‌లో షేక్ అర్షద్ పోటీపడ్డారు. ఈ రెండు క్రీడల్లోనూ, జూడోలోనూ పారాలింపిక్స్‌లో భారత్ పాల్గొనడం అదే మొదటిసారి. షాట్‌పుట్ ఎఫ్40లో రొంగలి రవి ఐదో స్థానంలో నిలిచారు. దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. అయితే ఇవన్నీ పతకం వచ్చాక దక్కేవి.

ఎక్కడ పతకాలు రాలేదన్నది కూడా చూడాలి. స్విమ్మింగ్ పారాలింపిక్స్‌లో పతకాల గని. భారత్‌కు తొలి పారాలింపిక్ పతకం వచ్చింది కూడా అందులోనే. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి గాయపడ్డ సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచారు. ఆ తర్వాత ఈతలో మరో పతకం లేదు. పారిస్‌కు భారత్ పంపిన స్విమ్మర్ సుయశ్ జాధవ్ ఒక్కరే. జావెలిన్‌కు మైదానం, ఒక కోచ్ ఉంటే ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఈతకు మాత్రం ర్యాంపు, లిఫ్టు, వీల్‌చెయిర్ వెళ్లే దుస్తుల గది ఉన్న కొలను కావాలి. ఏ పట్టణంలోనైనా మున్సిపల్ ఈతకొలనుకు ఒకసారి వెళ్లి చూస్తే ఆ కొరతకు కారణం కొంత అర్థమవుతుంది.

పారిస్ తర్వాత ఏడాదికి ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ తొలిసారి భారత్‌కు వచ్చింది. 2025 సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 5 వరకు ఢిల్లీలో జరిగిన ఆ పోటీల్లో ఆతిథ్య జట్టు 22 పతకాలతో పదో స్థానంలో నిలిచింది. 400 మీటర్ల టీ20లో దీప్తికి ఈసారి రజతం దక్కింది.